తల్లికి రాని జబ్బు బిడ్డకెలా వచ్చింది?

1961 వేసవి. జపాన్ దక్షిణాన క్యూషూ దీవిలో, మినమాటా పట్టణాన్ని ఆనుకుని యుదో అనే బెస్తపల్లె. కుమమోతో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఓ కుర్ర డాక్టరు అక్కడ ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. పేరు హరాదా మసాజుమి. ఒక ఇంటి వసారాలో అన్నదమ్ములిద్దరు కనిపించారు. ఇద్దరిదీ ఒకటే అవస్థ. కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేవు, మాట ముద్దముద్దగా వస్తోంది. ఇద్దరిదీ, ఆ తీరపు చేపల్లోని పాదరసం వల్ల వచ్చే మినమాటా వ్యాధేననుకున్నాడు హరాదా. కాదంది తల్లి. పెద్దవాడిది మినమాటా వ్యాధి, చిన్నవాడిది సెరిబ్రల్ పాల్సీ అని డాక్టర్లే తేల్చి చెప్పారట.

ఎందుకలా? పెద్దవాడు చేపలు తిని జబ్బు పడ్డాడు. చిన్నవాడు పుట్టుకతోనే ఇలా ఉన్నాడు, చేపముక్క నోట పెట్టకముందు నుంచే. తినని విషం ఒంట్లోకి ఎలా వస్తుందన్నది డాక్టర్ల తర్కం. ఆ తల్లికి మాత్రం అది మనసుకు ఎక్కలేదు. కడుపుతో ఉన్నప్పుడు తానూ ఆ చేపలే తింది. తనకు పెద్దగా ఏమీ కాలేదు. తాను తిన్న పాదరసమంతా కడుపులో ఉన్న వీడికే చేరిందని ఆమె నమ్మకం. అనుమానముంటే చుట్టుపక్కల అదే కాలంలో పుట్టిన మిగతా పిల్లల్ని చూడమంది.

ఆ మాట నిజమని వైద్యలోకం ఒప్పుకోవడానికి ఏయే ఆధారాలు కావలసి వచ్చాయో, అవి ఎక్కడెక్కడ దొరికాయో ఒక్కొక్కటిగా చూద్దాం. కడుపుతో ఉన్న మనిషి ఒంట్లోకి చేరిన రసాయనం బిడ్డను ఏం చేస్తుందన్న విషయంలో ఈ రోజు మనకు తెలిసినదానికి చాలావరకు పునాది ఆ పల్లెల్లోనే పడింది.

మొదటి ఆనవాలు: చేపలు

కథ అంతకు ముందే మొదలైంది. 1950ల తొలి ఏళ్లలోనే మినమాటా తీరంలో పిల్లులు పిచ్చెత్తినట్టు గిరగిరా తిరిగి పడి చచ్చిపోయేవి. కాకులు ఎగురుతూ ఎగురుతూ కూలిపోయేవి. 1956 ఏప్రిల్ 21న అయిదేళ్లు దాటిన ఒక పాపను చిస్సో రసాయన కర్మాగారం ఆస్పత్రికి తీసుకొచ్చారు. నడవలేదు, మాట్లాడలేదు, ఒళ్లంతా కొట్టుకుంటోంది. కొద్ది రోజులకే ఆ పాప చెల్లెలికీ అదే వచ్చింది. ఆస్పత్రి పెద్ద డాక్టరు హొసోకావా హాజిమే మే 1న అధికారులకు కబురు పెట్టాడు. నాడీమండలాన్ని దెబ్బతీసే, కారణం తెలియని జబ్బు ఒకటి ఊళ్లో పాకుతోందని ఆ కబురు.

అంటువ్యాధేమోనని మొదట అందరూ భయపడ్డారు. రోగుల ఇళ్లలో క్రిమిసంహారక మందులు చల్లారు. ఇరుగుపొరుగు ఆ ఇళ్ల గడప తొక్కడం మానేశారు. అదే ఏడాది నవంబరు నాటికి కుమమోతో విశ్వవిద్యాలయ బృందం అంటువ్యాధి కాదని తేల్చింది. మినమాటా అఖాతంలో పట్టిన చేపల ద్వారా, నత్తగుల్లల ద్వారా ఏదో భారలోహం మనుషుల ఒంట్లోకి చేరుతోందని చెప్పింది. ఏ లోహమన్నదే తేలలేదు. మాంగనీసు అన్నారు, సెలీనియం అన్నారు, థాలియం అన్నారు.

దారి చూపింది ఒక పాత ఇంగ్లీషు వ్యాసం. ఇంగ్లండులో విత్తనాలకు పట్టించే మిథైల్ పాదరసం మందు తయారుచేసే చోట కార్మికులు నలుగురు జబ్బు పడిన వైనం 1940లో వైద్య పత్రికలో వచ్చింది. చూపు చుట్టూ మూసుకుపోయి గొట్టంలోంచి చూసినట్టవడం, నడక తూలడం, మాట తడబడటం, వేళ్లు తిమ్మిరెక్కడం. మినమాటా రోగులకూ సరిగ్గా ఇవే ఉన్నాయి. కుమమోతో పాథాలజిస్టు తకేవుచి తదావో చనిపోయిన రోగుల మెదళ్లను ఆ వ్యాసాల్లోని వర్ణనతో పోల్చి చూస్తే పోలిక కుదిరింది. సేంద్రియ పాదరసమే కారణమని 1959 జూలైలో బృందం ప్రకటించింది. కర్మాగారం మురుగు కలిసే హ్యక్కెన్ రేవు బురదలో టన్నుకు 2 కిలోల దాకా పాదరసం ఉందని పరీక్షల్లో తేలింది. బయటి ఊళ్లవాళ్ల జుట్టులో సగటున 4 పీపీఎం పాదరసం ఉంటే, మినమాటా రోగుల్లో ఒకరి జుట్టులో అది 705.

చిస్సో 1932 నుంచి అసిటాల్డిహైడ్ తయారుచేస్తూ వచ్చింది. ఆ ప్రక్రియకు ఉత్ప్రేరకం పాదరసం. అందులో కొంత మిథైల్ పాదరసంగా మారి మురుగుతో పాటు సముద్రంలో కలిసేది. హొసోకావా తన వంతుగా ఆ మురుగును పిల్లి తిండిలో కలిపి పెట్టి చూశాడు. 400వ నంబరు పిల్లి 1959 అక్టోబరులో అచ్చం ఊళ్లో పిల్లుల్లాగే జబ్బు పడింది. కంపెనీ ఆ సంగతిని బయటికి పొక్కనివ్వలేదు. పదకొండేళ్ల తర్వాత, 1970లో, క్యాన్సరుతో మంచం మీదున్న హొసోకావా కోర్టుకిచ్చిన వాంగ్మూలంలో దాన్ని చెప్పి, కొద్ది నెలలకే కన్నుమూశాడు.

పెద్దవాళ్ల చిక్కు ఇలా విడింది. పిల్లల చిక్కు విడలేదు.

రెండో ఆనవాలు: ఒకే కాలం, ఒకే తీరం

1955 మొదలుకొని ఆ తీరపు పల్లెల్లో మెడ నిలవని పిల్లలు, ఏడాది దాటినా కూర్చోలేని పిల్లలు పుడుతూనే ఉన్నారు. పాలు చప్పరించడం కూడా కొందరికి కష్టమే. మింగలేరు, చొంగ కారుతూనే ఉంటుంది. కళ్లు మెల్ల. కాళ్లూ చేతులూ వంకర్లు తిరిగి బిగుసుకుపోతాయి. ఎదుగుదల ఉండదు, బుద్ధి వికసించదు. వాళ్లందరికీ రాసిన పేరు ఒక్కటే, సెరిబ్రల్ పాల్సీ. ఆ పేరు పడితే మినమాటా రోగులకు చిస్సో ఇచ్చే కొద్దిపాటి డబ్బు కూడా వాళ్లకు దక్కదు.

హరాదాతో పాటు మరికొందరు డాక్టర్లు ఆ పిల్లలను ఒక్కొక్కరినే చూస్తూ పోయారు. లెక్క రాసుకుంటే రెండు సంగతులు తేలాయి. ఒకటి, ఆ కొద్దిపాటి పల్లెల్లో ఈ పిల్లల సంఖ్య మామూలుగా ఉండవలసిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. రెండు, వాళ్ల పుట్టిన ఏళ్లను, ఇళ్లను పెద్దవాళ్ల జబ్బుతో పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పెద్దలు జబ్బు పడిన ఏళ్లలోనే, ఆ పల్లెల్లోనే, చేపల మీద బతికే ఆ కుటుంబాల్లోనే ఈ పిల్లలు పుట్టారు. చాలా ఇళ్లలో తండ్రో, అన్నో, తాతో అప్పటికే మినమాటా రోగి.

మూడో ఆనవాలు: పిల్లలందరిదీ ఒకటే పోలిక

సెరిబ్రల్ పాల్సీకి కారణం ఒకటని ఉండదు. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఊపిరి ఆడకపోవడం, పుట్టాక కామెర్లు ముదరడం, ఇలా ఎన్నో. అందుకే అది ఒక్కో బిడ్డలో ఒక్కో రకంగా కనిపిస్తుంది. ఒకరికి కాళ్లే బిగుస్తాయి, ఒకరికి ఒక పక్కే పడిపోతుంది, ఇంకొకరికి ఒళ్లు వశం తప్పినా తెలివి చక్కగా ఉంటుంది.

మినమాటా పిల్లలు అలా లేరు. తల్లుల్ని అడిగితే కాన్పులు చాలావరకు మామూలుగానే జరిగాయి. అయినా పిల్లలందరిదీ ఒకటే వరస. బుద్ధిమాంద్యం, మాట రాకపోవడం, కదలికలు కుదరకపోవడం, పసిగుడ్డుకు ఉండి కొన్ని నెలల్లో పోవలసిన ప్రతిచర్యలు పోకపోవడం. ఇంతమంది పిల్లలు ఒకే అచ్చు పోసినట్టున్నారంటే వాళ్లకు తగిలిన దెబ్బ కూడా ఒకటే అయి ఉండాలి.

అడ్డుపడిన పాఠం

ఇన్ని ఆధారాలున్నా నిర్ణయం ఎందుకు ఆగిందంటే, అప్పటి వైద్యపాఠం తల్లికీ బిడ్డకూ మధ్య మాయను ఒక కాపలా గోడగా చూసింది. తల్లి రక్తంలో ఉన్న విషాన్ని మాయ అడ్డుకుంటుందని, తల్లి గట్టిగా ఉంటే బిడ్డకు ఢోకా లేదని నమ్మకం. చాలా పదార్థాల విషయంలో అందులో కొంత నిజమూ ఉంది. పాదరసపు లవణాలనే తీసుకుంటే వాటిని మాయ చాలావరకు తనలోనే పట్టి ఉంచుతుంది.

ఆ నమ్మకానికి అదే 1961లో, భూగోళానికి అవతలి పక్క, మరో దెబ్బ తగిలింది. చేతులూ కాళ్లూ సరిగా ఏర్పడకుండా పుడుతున్న వేలాది పిల్లలకు, వాళ్ల తల్లులు వేవిళ్లకీ నిద్రకీ వేసుకున్న థాలిడోమైడ్ బిళ్లకూ సంబంధం ఉందని ఆ నవంబరులో జర్మనీ డాక్టరు విడుకిండ్ లెంజ్ హెచ్చరించాడు. అక్కడా తల్లులకు ఏమీ కాలేదు.

అంతకన్నా ముందటి ఆనవాలు ఒకటి వైద్యపత్రికల్లో ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. మిథైల్ పాదరసం పట్టించిన ధాన్యంతో జావ కాచుకుని తాగిన ఒక స్వీడన్ కుటుంబం గురించి 1952లోనే అక్కడి డాక్టర్లు రాశారు. ఆ ఇంట్లో తల్లికి ఏ లక్షణమూ లేదు. ఆమెకు పుట్టిన బిడ్డ మెదడు మాత్రం దెబ్బతింది.

హరాదా చేసిన మంచి పని, ఆరోగ్యంగా ఉన్నారనుకున్న తల్లులనూ ఓపికగా పరీక్షించడం. వాళ్లలో చాలామందికి వేళ్ల కొసల్లో తిమ్మిరి, స్పర్శ మందగించడం లాంటివి కొద్దికొద్దిగా ఉన్నాయి. పిల్లాణ్ని చంకనేసుకుని రోజంతా కష్టపడే మనిషి దాన్ని ఎవరికి చెప్పుకుంటుంది? ఆ పల్లెలో చేతులు తిమ్మిరెక్కితే అలసట అనుకున్నారు. అంటే తల్లులు విషానికి దూరంగా ఏమీ లేరు. వాళ్లకు తగిలింది కాస్త, బిడ్డలకు తగిలింది కొండంత.

నాలుగో ఆనవాలు: మెదడు చెప్పిన సాక్ష్యం

ఆ పిల్లల్లో ఇద్దరు చనిపోయారు. వాళ్ల మెదళ్లను కుమమోతో పాథాలజిస్టులు పరీక్షించారు. పెద్దవాళ్లలో మిథైల్ పాదరసం మెదడులో కొన్ని చోట్లనే ఏరి కొడుతుంది. చూపును చూసుకునే వెనుక భాగం, కదలికలను సరిచేసే చిన్నమెదడు, స్పర్శను పట్టే భాగం. అందుకే వాళ్లకు చూపు మూసుకుపోయేది, నడక తూలేది. పసివాళ్ల మెదడులో దెబ్బ ఇంకాస్త విస్తరిస్తుంది. కడుపులోనే విషం తగిలిన ఈ ఇద్దరిలో మెదడంతా పాడైంది. మెదడు పరిమాణంలోనే చిన్నది, కణాలు పలచబడి ఉన్నాయి. అయినా విషం వదిలిన గుర్తుల తీరు పెద్దవాళ్లలో కనిపించిన దానిదే.

ఎవరిది మినమాటా వ్యాధో తేల్చే నిర్ణయ సంఘం 1962 నవంబరు 29న కూర్చుంది. చనిపోయిన ఇద్దరితో పాటు బతికున్న 16 మంది పిల్లలను కూడా మినమాటా రోగులుగా గుర్తించింది. గర్భంలోనే సోకే మినమాటా వ్యాధి ఒకటుందని లోకానికి అధికారికంగా తెలిసింది అప్పుడే. యుదోలో ఆ తల్లి చెప్పిన మాట ఆ రోజుతో వైద్యశాస్త్రమైంది.

ఇంత తెలిశాక కర్మాగారం ఆగాలి కదా. ఆగలేదు. అసిటాల్డిహైడ్ తయారీ 1968 మే దాకా సాగింది. కర్మాగారపు మురుగే కారణమని ప్రభుత్వం ఒప్పుకున్నది ఆ సెప్టెంబరులో. మధ్యలోని ఆ అయిదారేళ్లూ ఆ తీరంలో ఆడవాళ్లు కడుపుతో ఉంటూనే ఉన్నారు, ఆ చేపలే తింటూ ఉన్నారు. ఆధారం లేక జరిగిన ఆలస్యం కాదిది. ఆధారం చేతిలో పెట్టుకుని చేసిన ఆలస్యం.

అయిదో ఆనవాలు: చెక్కపెట్టెల్లో దాచిన బొడ్డుతాడు

ఒక లోటు మాత్రం మిగిలిపోయింది. పెద్దవాళ్ల విషయంలో జుట్టును పరీక్షించి లెక్క చూపారు. పిల్లల విషయంలో అది కుదరదు. మిథైల్ పాదరసం ఒంట్లో శాశ్వతంగా ఉండదు. సుమారు 50 రోజులకు సగం చొప్పున తగ్గిపోతూ పోతుంది. బిడ్డకు మూడేళ్లో అయిదేళ్లో వచ్చాక రక్తంలో వెతికితే కడుపులో ఉన్నప్పటి విషం జాడ దొరకదు. దెబ్బ నిలిచి ఉంటుంది, కొట్టింది మాత్రం తప్పుకుంటుంది. అప్పట్లో లోపల ఎంత పాదరసం ఉందో చెప్పగలిగేది, ఆనాటి నుంచీ మారకుండా నిలిచి ఉన్నదేదో కావాలి.

అది ఆ పల్లెల్లో ప్రతి ఇంట్లోనూ ఉంది. పుట్టిన బిడ్డ బొడ్డుతాడు ముక్కను ఎండబెట్టి, చిన్న చెక్కపెట్టెలో పెట్టి, పేరూ పుట్టిన తేదీ రాసి దాచుకోవడం జపాన్‌లో ఆచారం. మన పల్లెల్లోనూ రాలిన బొడ్డును తాయెత్తులో పెట్టి బిడ్డకు కట్టే ఇళ్లున్నాయి కాబట్టి ఆ పెట్టె విలువ మనకు తెలుసు. హరాదా ఇంటింటికీ వెళ్లి అడిగాడు. తల్లులు ఇచ్చారు.

హరాదా, నిషిగాకి అనే మరో పరిశోధకుడు కలిసి ఆ ఎండిన ముక్కల్లో మిథైల్ పాదరసాన్ని కొలిచి 1975లో నేచర్ పత్రికలో ప్రచురించారు. పెట్టె మీద రాసిన తేదీల వారీగా వాటిని వరసలో పెడితే ఒక గీత వచ్చింది. కర్మాగారంలో అసిటాల్డిహైడ్ ఉత్పత్తి పెరిగిన ఏళ్లలో బొడ్డుతాళ్లలో పాదరసం పెరిగింది, ఉత్పత్తి పడిపోయాక తగ్గింది. కంపెనీ లెక్కల పుస్తకమూ, తల్లులు దాచిన పెట్టెలూ ఒకే మాట చెప్పాయి. బిడ్డ ఏమి తిన్నాడన్న ప్రశ్నకు ఇక తావు లేదు. బిడ్డకు విషం అందిన దారే దొరికింది, ఆ దారిలో పాదరసమూ దొరికింది.

మాయ ఎలా మోసపోయింది?

ఇక మిగిలింది ఎలా అన్నది. దానికి జవాబు తర్వాతి దశాబ్దాల్లో జీవరసాయన శాస్త్రం ఇచ్చింది. మిథైల్ పాదరసం ఒంట్లోకి చేరగానే సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని అంటిపెట్టుకుంటుంది. ఆ జంట, చూడటానికి మెథియొనీన్ అనే మరో అమైనో ఆమ్లంలా ఉంటుంది. పెరిగే బిడ్డకు అమైనో ఆమ్లాలు కావాలి కనుక మాయలో వాటిని పనిగట్టుకుని బిడ్డ వైపు చేరవేసే ప్రొటీన్లు ఉంటాయి. అయినవాళ్ల వేషంలో వచ్చిన దొంగకు ఎదురెళ్లి తలుపు తీసినట్టు, అవి పాదరసాన్ని మోసుకెళ్లి లోపల దించుతాయి. అందుకే బొడ్డుతాడు రక్తంలో మిథైల్ పాదరసం తల్లి రక్తంలో కన్నా ఎక్కువ, సగటున సుమారు 1.7 రెట్లు. మెదడు గడప దగ్గరా ఇదే మోసం.

లోపల ఉన్నది ఇంకా తయారవుతున్న మెదడు. నాడీకణాలు విడిపోతూ, ఒక చోట పుట్టి తమ స్థానం వెతుక్కుంటూ ప్రయాణం చేసే కాలమది. కణానికి ఆసరాగా ఉండి, విభజననూ ప్రయాణాన్నీ నడిపించే సన్నని గొట్టాలను మిథైల్ పాదరసం విరగ్గొడుతుంది. పెద్దవాళ్ల మెదడులో అది కట్టిన ఇంట్లో కొన్ని గదులు కూల్చితే, పిండంలో ఇల్లు కట్టడాన్నే చెడగొడుతుంది. మెదడంతా పాడవడానికి కారణం ఇదే.

తల్లి ఒంట్లోని పాదరసంలో కొంత బిడ్డకు చేరిపోవడం వల్ల ఆమె భారం ఆ మేరకు తగ్గుతుంది. ఆ పల్లెల్లో ఒక తల్లి, కదలలేని తన కూతుర్ని ఇంటికి నిధి అనేది. తనలోని విషాన్నంతా ఆ పిల్ల తీసుకోబట్టే తానూ, తర్వాత పుట్టిన పిల్లలూ బాగున్నామని ఆమె నమ్మకం. ఆ ప్రేమకు చేతులెత్తి మొక్కాలి. ఆ మాట ఒక తల్లి చేత అనిపించిన పరిస్థితిని మాత్రం క్షమించలేం.

చిక్కు విడ్డాక

1965లో జపాన్‌లోనే నీగాతా ప్రాంతంలో, అగానో నది పొడవునా రెండోసారి ఇదే జబ్బు బయటపడింది. ఈసారి డాక్టర్లకు పాఠం తెలుసు. జుట్టులో పాదరసం 50 పీపీఎం దాటిన, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకు గర్భం వాయిదా వేసుకోమని, చంటిబిడ్డలకు తమ పాలు పట్టవద్దని సలహా ఇచ్చారు. అక్కడ గర్భంలో సోకిన వ్యాధిగా అధికారికంగా నమోదైనది ఒక్కటే.

ఇరాక్‌లో ఆ పాఠం అందలేదు. 1971-72 చలికాలంలో విత్తనాల కోసం పంపిన, పాదరసం పట్టించిన ధాన్యాన్ని ఆకలితో ఉన్న పల్లెలు రొట్టెలు చేసుకుని తిన్నాయి. 6,530 మంది ఆస్పత్రుల్లో చేరితే 459 మంది అక్కడే చనిపోయారు. అక్కడ కూడా కొద్దిపాటి తిమ్మిరితో బయటపడ్డ తల్లులకు మెదడు తీవ్రంగా దెబ్బతిన్న పిల్లలు పుట్టారు.

తక్కువ మోతాదుల సంగతేమిటన్న ప్రశ్నకు జవాబు వెతికింది ఫారో దీవుల్లో. అక్కడివాళ్లు పైలట్ తిమింగలం మాంసం తింటారు. 1986-87లో పుట్టిన 1,022 మంది పిల్లల బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించి, ఏడేళ్ల వయసులో వాళ్లను మళ్లీ చూశారు. పైకి ఏ జబ్బూ లేదు. కానీ పుట్టినప్పుడు రక్తంలో పాదరసం ఎక్కువున్న పిల్లలు భాషలో, ఏకాగ్రతలో, జ్ఞాపకంలో కొంత వెనుకబడ్డారు. రోజూ సముద్రపు చేపలే తినే సీషెల్స్ దీవుల్లో జరిగిన అలాంటి అధ్యయనంలో మాత్రం స్పష్టమైన హాని కనపడలేదు. బిడ్డ మెదడుకు కావలసిన మంచి కొవ్వులు కూడా చేపల్లోనే ఉంటాయి. రెండిటినీ కలిపి చదివితే తేలేది చేప మానమని కాదు, చేపను ఎంచుకోమని.

ఆ ఎంపిక మన తీరంలో కష్టమేమీ కాదు. పాదరసం చిన్న చేప నుంచి పెద్ద చేపకు, అక్కడి నుంచి ఇంకా పెద్దదానికి పోగుపడుతూ పోతుంది. నెత్తళ్లు, కవళ్లు, కానగంతల్లాంటి చిన్న చేపల్లో అది తక్కువ. ఎక్కువకాలం బతికి ఇతర చేపలను తినే పెద్ద సొరలోనూ, కొమ్ముకోనాంలోనూ ఎక్కువ. బాలింతకు పాలు పడతాయని పాలసొర వండిపెట్టే అలవాటు కోస్తాలో ఉంది. గర్భిణులూ పాలిచ్చే తల్లులూ సొరను మానుకోవాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ సలహా. బాలింత పథ్యంలో సొర బదులు నెత్తళ్లు పెడితే పోయేదేమీ లేదు.

పాదరసం ఒక్కటే కాదు. సీసం కూడా మాయను దాటుతుంది. పైగా ఎప్పుడో తల్లి ఎముకల్లో చేరి దాగిన సీసం, గర్భంతో ఉన్నప్పుడు ఎముకల్లోంచి కాల్షియంతో పాటు మళ్లీ రక్తంలోకి వస్తుంది. కాబట్టి గర్భిణిని పరీక్షించే డాక్టరు ఇప్పుడు ఏం తింటున్నావని అడిగి ఆగితే చాలదు. ఎక్కడ పనిచేశావు, ఇంటి పక్కన ఏముంది, పొలంలో ఏ మందు కొట్టారు, ముఖానికి ఏ క్రీము రాస్తున్నావు అని కూడా అడగాలి. ఆమె ఏదైనా అనుమానం చెబితే రాసుకోవాలి.

పాదరసాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందంపై 2013లో కుమమోతోలోనే సంతకాలు జరిగాయి. దానికి పెట్టిన పేరు మినమాటా ఒప్పందం. 2017 ఆగస్టు 16న అది అమల్లోకి వచ్చింది. 2018లో భారతదేశం ఆమోదించింది.

ఆ పల్లెల్లో చాలామంది తల్లులు తాము తిన్న చేపే బిడ్డను ఇలా చేసిందని కుమిలిపోయారు. ఆ నేరం వాళ్లది కాదు. కడుపుతో ఉన్న మనిషి బలం కోసం ఇంటి ముందు సముద్రంలో దొరికిన చేప తింది. తల్లి గట్టిగా ఉంటే బిడ్డ క్షేమమేనన్న పాఠం అక్కడ తిరగబడింది. తల్లి క్షేమంగా ఉన్నది బిడ్డ తీసుకున్నందువల్ల కూడా కావచ్చు. కాబట్టి నీళ్లలోకి ఏం వదలవచ్చో తేల్చేవాళ్లు పెద్దవాళ్లు తట్టుకోగలిగినదాన్ని బట్టి గీత గీయకూడదు. కడుపులో ఉన్న బిడ్డ తట్టుకోగలిగినంత వరకే అనుమతి. ఆ లెక్క తేలే దాకా మురుగు గొట్టం మూసి ఉంచాలి.